వెల్డింగ్ ప్రపంచ సభ: పతకాలు అక్కడ... పరీక్షలు ఇక్కడ

ఏటా ఒకసారి, దాదాపు వారం రోజులపాటు, సుమారు 50 దేశాల వెల్డింగ్ నిపుణులు ఒకే చోట సమావేశమవుతారు. 2024లో గ్రీసు దేశపు రోడ్స్ ద్వీపం, 2025లో ఇటలీలోని జెనోవా నగరం ఈ సభకు వేదికలయ్యాయి. ఆరంభ సభలో పతకాలు, పురస్కారాలు అందజేస్తారు. ఆ తరువాత తలుపులు మూసిన గదుల్లో ఉక్కు అతుకుల గురించి రోజుల తరబడి చర్చలు సాగుతాయి. క్రికెట్ స్కోరుకు దక్కే చోటులో పదో వంతయినా ఈ సభకు పత్రికల్లో దక్కదు. గాజువాక ఆటోనగర్‌లో గేట్లకు, గ్రిల్స్‌కు అతుకులు వేసే యువకుడికి ఇలాంటి సభ ఒకటి ఉన్నదన్న సంగతి తెలిసే అవకాశమూ తక్కువే.

కానీ సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం ప్రాంతాల నుంచి గల్ఫ్ చమురుశుద్ధి కర్మాగారాలకు వెళ్లే ఉద్దానం యువకుడు ఏ పరీక్షలో నెగ్గితే ఉద్యోగం వస్తుందో, ఏ అతుకులో ఎంత లోపం కనిపిస్తే ఇంటిముఖం పట్టాల్సి వస్తుందో తేల్చే నిబంధనల్లో చాలా వాటి మూలాలు ఇటువంటి గదుల్లోనే ఉన్నాయి. అక్కడ ఎవరు కూర్చుంటారు, ఎవరి మాట చెల్లుతుంది, ఎవరికి గుర్తింపు దక్కుతుంది అన్న ప్రశ్నలు శ్రీకాకుళం, విశాఖ జిల్లాలకు అందుకే పరాయివి కావు.

విరిగిన వంతెన, చీలిన ఓడ

ఈ సభను నిర్వహించేది అంతర్జాతీయ వెల్డింగ్ సంస్థ. 1948లో 13 దేశాల వెల్డింగ్ సంఘాలు కలిసి దీన్ని నెలకొల్పాయి. విశాఖ నౌకానిర్మాణ కేంద్రంలో తయారైన ‘జల ఉష’ నౌకను నెహ్రూ జలప్రవేశం చేయించింది కూడా ఆ ఏడాది మార్చిలోనే. రెండింటికీ సంబంధం లేకపోయినా, ఉక్కుతో కట్టడం అన్నది ఆనాటి ప్రపంచానికి ఎంత పెద్ద పనిగా ఉండేదో ఆ సంవత్సరం చెబుతుంది.

సంస్థ పుట్టుక వెనుక చేదు అనుభవాలున్నాయి. 1938 మార్చిలో బెల్జియంలోని హాసెల్ట్ వద్ద ఆల్బర్ట్ కాలువపై వెల్డింగ్‌తో నిర్మించిన వంతెన, వాడుకలోకి వచ్చిన కొద్దికాలానికే విరిగి పడింది. 1943 జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లాండ్ రేవులో నిశ్చలంగా నిలిచి ఉన్న ‘షెనెక్టడీ’ అనే చమురు నౌక పెళ్లున చీలి నడుముకు రెండయింది. తుపాను లేదు, శత్రువుల దాడి లేదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో రివెట్లను వదిలి వెల్డింగ్‌తో హడావుడిగా కట్టిన ఓడల్లో ఇలాంటి పగుళ్లు అనేకం బయటపడ్డాయి. రివెట్లు కొట్టిన పలకల్లో పగులు ఒక పలక అంచుకు చేరి ఆగిపోతుంది. వెల్డింగ్ చేసిన ఓడ మొత్తం ఒకే లోహపు ముద్ద కావడంతో, ఒక చోట మొదలైన పగులుకు ఎక్కడా అడ్డు ఉండదు. చల్లని నీటిలో ఆనాటి ఉక్కు పెళుసుబారడం దీనికి తోడైంది. ఏ దేశానికా దేశం రహస్యంగా దాచుకుంటే తేలే సమస్య కాదిది. ఒకరి వైఫల్యం మరొకరికి తెలిస్తేనే మరో ఓడ దక్కుతుంది. పరస్పర పరిచయాల కోసం ఈ సభ పట్టుపట్టడానికి అసలు కారణం అదే.

కాఫీ విరామంలో తేలే లెక్కలు

సభ పని అంతా కమిషన్ల రూపంలో జరుగుతుంది. ఆర్క్ వెల్డింగ్‌కు ఒకటి, నాణ్యత తనిఖీకి ఒకటి, బాయిలర్లు, పీడన పాత్రలు, పైపులైన్లకు ఒకటి, వెల్డింగ్ కట్టడాల అలసటకు ఒకటి, ఆరోగ్య భద్రతకు ఒకటి, విద్య, శిక్షణలకు ఒకటి... ఇలా అనేకం. పరిశోధకులు తమ ఫలితాలను పత్రాలుగా ముందుంచుతారు. మిగతావారు తప్పులు పడతారు. వచ్చే ఏడాదికి దిద్దుకొని రమ్మంటారు. ఇలా నలిగిన వ్యాసాల్లో మేలైనవి సంస్థ వెలువరించే ‘వెల్డింగ్ ఇన్ ద వరల్డ్’ పత్రికకు వెళతాయి. మరికొన్ని అంతర్జాతీయ ప్రమాణాలకు పునాది అవుతాయి. వెల్డింగ్ రంగంలో ప్రమాణాలు రూపొందించే అర్హత ఉన్నదిగా అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ దీన్ని గుర్తించింది. కమిషన్ సమావేశాల తరువాత అందరికీ వర్తించే అంశంపై అంతర్జాతీయ సదస్సు జరుగుతుంది.

ఇందులో ‘పరిచయాలు పెంచుకోవడం’ అన్న మాట కాస్త తేలికగా వినిపిస్తుంది. విదేశీ విహారం, విందు భోజనం, కార్డుల మార్పిడి అని పెదవి విరిచేవారూ లేకపోలేదు. ఆ విమర్శ పూర్తిగా నిరాధారమనీ చెప్పలేం. అయితే ఆ పరిచయాల నుంచి పుట్టినవి విశాఖలో కంటికి కనిపిస్తున్నాయి. గాజువాక పరిసరాల్లోని ఏ ఫ్యాబ్రికేషన్ యార్డులోనైనా అల్ట్రాసోనిక్ పరికరంతో అతుకులను పరీక్షించే సాంకేతిక నిపుణుడిని అడిగితే, తన పెట్టెలోంచి ఒక ఉక్కు దిమ్మెను తీసి చూపిస్తాడు. 300 మిల్లీమీటర్ల పొడవు, 100 మిల్లీమీటర్ల ఎత్తు, 25 మిల్లీమీటర్ల మందం, ఒక వైపు గుండ్రటి అంచు. అందరూ దాన్ని ‘వీ1 బ్లాక్’ అంటారు. దాని మరో పేరు ‘ఐఐడబ్ల్యూ బ్లాక్’. అంటే ఈ అంతర్జాతీయ సంస్థ పొడి అక్షరాలే. పని మొదలుపెట్టే ముందు పరికరం సరిగా చూపుతోందో లేదో దానిపైనే సరిచూస్తారు. కొరియాలోనైనా, కువైట్‌లోనైనా, విశాఖలోనైనా అదే దిమ్మె, అవే కొలతలు.

మరో ఉదాహరణ ఇంటి నిర్మాణానికే సంబంధించినది. ఉక్కు ఎంత సులువుగా అతుక్కుంటుందో చెప్పడానికి ‘కర్బన తుల్యాంకం’ అనే లెక్క ఉంది. కర్బన శాతానికి మాంగనీసులో ఆరో వంతు, క్రోమియం, మాలిబ్డినం, వనేడియంల మొత్తంలో ఐదో వంతు, నికెలు, రాగిల మొత్తంలో పదిహేనో వంతు కలిపితే ఆ అంకె వస్తుంది. అది ఎక్కువైతే అతుకు పక్కన ఉక్కు గట్టిపడి పగిలే ప్రమాదం పెరుగుతుంది. అప్పుడు ముందుగా వేడి చేసి గానీ వెల్డింగ్ మొదలుపెట్టకూడదు. 1940లో బ్రిటిష్ పరిశోధకులు ప్రతిపాదించిన సూత్రాన్ని సవరించి ప్రపంచానికి ఇచ్చింది ఈ సంస్థే. కాంక్రీటులో వాడే ఉక్కు కడ్డీల భారతీయ ప్రమాణంలోనూ అదే సూత్రం ఉంది. మేస్త్రీలకు, ఇల్లు కట్టుకునేవారికి ఈ సంగతి తెలియకపోయినా, కర్మాగారంలో ఉక్కు పోత పోసేవారికి తెలియక తప్పదు.

2020, 2021లో కరోనా కారణంగా సభ అంతర్జాలంలోనే జరిగింది. పత్రాలు చదివారు, ఓట్లు వేశారు, పని ఆగలేదు. అయినా 2022లో టోక్యోలో 75వ సభ ముఖాముఖి జరిగేందుకు నిర్వాహకులు పట్టుబట్టడం గమనార్హం. తెర మీద అడగలేని ప్రశ్న ఒకటుంటుంది: ‘మీ దగ్గర ఇది ఎందుకు విఫలమైంది?’ దానికి నిజాయతీ గల జవాబు పత్రంలో దొరకదు. కాఫీ విరామంలో, అదీ నాలుగైదేళ్ల పరిచయం ఉన్నవారి దగ్గరే దొరుకుతుంది. వాణిజ్య రహస్యాల గోడలున్న ఈ వృత్తిలో ఆ విరామానికి విలువ అందుకే.

పతకాల మీది పేర్లు

సభలో ఇచ్చే పురస్కారాలు ఈ వృత్తి చరిత్రను చెప్పకనే చెబుతాయి. యెవ్గెనీ పేటన్ పురస్కారం సోవియట్ ఉక్రెయిన్ ఇంజినీరు పేరిట నెలకొంది. 1934లో కీవ్‌లో విద్యుత్ వెల్డింగ్ పరిశోధన సంస్థను స్థాపించిన పేటన్, రెండో ప్రపంచ యుద్ధంలో టీ-34 ట్యాంకుల కవచాలను యంత్రాలతో అతికించే పద్ధతికి ఆద్యుడు. నీపర్ నదిపై పూర్తిగా వెల్డింగ్‌తో కట్టించిన వంతెన 1953లో ప్రారంభమయ్యేనాటికి ఆయన లేరు. ఆ సంస్థను ఆయన తరువాత నడిపిన కుమారుడు బోరిస్ పేటన్ 2020లో 101వ ఏట కన్నుమూసేవరకు ఆ బాధ్యతల్లోనే ఉన్నారు. 1969లో సోయజ్-6 వ్యోమనౌకలో జరిగిన తొలి అంతరిక్ష వెల్డింగ్ ప్రయోగం ఆ సంస్థ పరికరంతోనే జరిగింది.

మౌలిక పరిశోధనకు జపాన్ శాస్త్రవేత్త యోషియాకి అరాటా పేరిట ఒక పురస్కారం, సంస్థకు చేసిన సేవకు ఆర్థర్ స్మిత్ పేరిట ఒకటి, అంతర్జాతీయ ప్రమాణాల కృషికి థామస్ పతకం, శిక్షణ సామగ్రి తయారీకి ఆంద్రే లెరోయ్ బహుమతి ఉన్నాయి. యువ పరిశోధకులకు హెన్రీ గ్రాంజాన్ బహుమతి ఇస్తారు. తయారీ పద్ధతులు, లోహాల స్వభావం, కట్టడాల భద్రతలతోపాటు ‘మానవ సంబంధ విషయాలు’ కూడా ఈ బహుమతిలో ఒక విభాగం కావడం విశేషం. వెల్డరు ఊపిరితిత్తులు, శిక్షణ, పని పరిస్థితులు పరిశోధనకు తగిన విషయాలేనని సంస్థ ఒప్పుకున్నట్లే. యువకుడి చేతికి పతకంతోపాటు మరొకటి కూడా వస్తుంది. తాను చదివిన పుస్తకాల రచయితలు తనను పేరుపెట్టి పిలవడం మొదలవుతుంది. ఆ తరువాతి ఉద్యోగం, ఆ తరువాతి పరిశోధన నిధులు చాలాసార్లు ఆ పిలుపు వెంటే వస్తాయి.

ఈ వేదికపై భారతదేశం చివరి వరుసలో ఏమీ లేదు. 1966లో ఏర్పడి కోల్‌కతా కేంద్రంగా పనిచేస్తున్న భారతీయ వెల్డింగ్ సంస్థ దేశం తరఫున సభ్యత్వం వహిస్తోంది. దీని పొడి అక్షరాలు కూడా ‘ఐఐడబ్ల్యూ’ కావడంతో తికమకపడేవారు కోకొల్లలు. 2011 జులైలో 64వ సభ చెన్నైలో జరిగింది. కల్పాక్కంలోని ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రానికి సంచాలకుడిగా పనిచేసిన బల్‌దేవ్ రాజ్ ఆ ఏడాది నుంచి 2014 వరకు అంతర్జాతీయ సంస్థకు అధ్యక్షుడిగా ఉన్నారు. లోహాన్ని కోయకుండానే లోపాన్ని పసిగట్టే పరీక్షల్లో ఆయన అందెవేసిన చెయ్యి. 2018 జనవరిలో కన్నుమూశారు. భెల్ ఆధ్వర్యంలో 1975లో తిరుచిరాపల్లిలో మొదలైన వెల్డింగ్ పరిశోధన సంస్థ, హైదరాబాద్‌లోని రక్షణ లోహశాస్త్ర పరిశోధనశాల ఈ రంగంలో పేరున్నవే.

విశాఖకూ ఈ విద్య కొత్త కాదు. నౌకానిర్మాణ కేంద్రం సరే, 1966లో ఏర్పాటై 2008లో భెల్ గూటికి చేరిన భారత్ హెవీ ప్లేట్ అండ్ వెస్సెల్స్ కర్మాగారం పూర్తిగా వెల్డింగ్ మీదే బతికింది. పీడన పాత్రలు, ఎరువుల కర్మాగారాల స్తంభాలు, అతి శీతల ద్రవాల ట్యాంకులు ఇక్కడి చేతుల మీదుగా తయారై వెళ్లాయి. ఆ తరం వెల్డర్ల దగ్గర చేయి తిప్పడం నేర్చుకున్నవారే చిన్న యూనిట్లు పెట్టారు, ఊళ్లలో కుర్రాళ్లకు నేర్పారు. ఆ పరంపర ఏ పత్రికలోనూ వ్యాసంగా రాలేదు. పైన చెప్పిన పతకాల్లో టార్చి పట్టుకున్న చేతి పనితనాన్ని ఉద్దేశించినది ఒక్కటీ లేదు. అది పరిశోధకుల సభ గనుక తప్పుపట్టలేమనుకున్నా, యువ వెల్డర్లకు ‘వరల్డ్‌స్కిల్స్’ వంటి పోటీలు వేరుగా ఉన్నా, వెల్డరు గుర్తింపు సమస్య అక్కడితో తీరదు. అది పతకానికి కాదు, కాగితానికి సంబంధించినది.

ఆరు నెలల గుర్తింపు

ఐటీఐలో వెల్డరు శిక్షణ ఏడాది కోర్సు. ఎనిమిదో తరగతి గట్టెక్కినవారికీ ప్రవేశం ఉంటుంది. ధ్రువపత్రం చేతికొచ్చినా, పైపులైను పనిలోకి తీసుకునే ముందు ఏ కంపెనీ అయినా మళ్లీ పరీక్ష పెడుతుంది. అందరూ భయపడేది ‘సిక్స్ జీ’ పరీక్షకు. పైపును 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగిస్తారు. దాని చుట్టూ తానే తిరుగుతూ, కిందనుంచి పైకి, పక్కకు, తలకిందులుగా అతుకు పూర్తి చేయాలి. ఆర్గాన్‌తో రూట్ వేయడం, ఆపై రాడ్లతో నింపడం, చివరికి ఎక్స్‌రే. ఫిల్ములో నల్లటి గీత కనిపించిందా, అప్పు చేసి పెట్టిన ఖర్చంతా బూడిదలో పోసిన పన్నీరే.

నెగ్గినవారి కష్టమూ తీరదు. అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం నియమావళి ప్రకారం జరిగే పరీక్షలో అర్హత ప్రధానంగా పరీక్ష పెట్టిన సంస్థకు ముడిపడి ఉంటుంది. వెల్డరు మరో కంపెనీకి మారితే చాలావరకు కథ మళ్లీ మొదటికొస్తుంది. ఆరు నెలలపాటు ఆ పద్ధతిలో వెల్డింగ్ చేయకపోతే అర్హత రద్దవుతుంది. యూరప్‌లోనూ మరెన్నో దేశాల్లోనూ చెల్లే ఐఎస్ఓ 9606 ప్రమాణంలోనూ ఆరు నెలల నిబంధన ఉంది. ఆ వ్యవధిలో వెల్డరు అదే పని చేస్తున్నాడని బాధ్యుడైన అధికారి సంతకం పెట్టాలి. లేకుంటే ధ్రువపత్రం ఉత్త కాగితమవుతుంది.

ఈ నిబంధన అర్థం లేనిది కాదు. చేతి నేర్పు వాడకపోతే మొద్దుబారుతుంది. బాయిలరు పేలితే పోయేది ప్రాణాలు. కానీ నిబంధన ఎవరి జీవితాన్ని ఊహించుకొని రాశారో గమనించాలి. ఒకే కర్మాగారంలో ఏళ్ల తరబడి పనిచేసే వెల్డరుకు ఆ సంతకం దానంతటదే పడుతుంది. ఒక షట్‌డౌన్ నుంచి మరో షట్‌డౌన్‌కు, ఒక కాంట్రాక్టరు నుంచి మరో కాంట్రాక్టరుకు మారుతూ, రెండేళ్లు గల్ఫ్‌లో, నాలుగు నెలలు ఇంట్లో గడిపే ఉద్దానం వెల్డరుకు ఆ సంతకం పెట్టేదెవరు? పదిహేనేళ్ల అనుభవం ఉన్నవాడు కూడా కొత్త గేటు దగ్గర కొత్తవాడిలాగే నిలబడాల్సి వస్తోంది. పరీక్షకు పోయిన రోజుల కూలి అతడిదే. ఏజెంటు చేతికి చిక్కేదీ ఈ మలుపులోనే.

ఈ చిక్కుకు సగం విరుగుడు అంతర్జాతీయ సంస్థ దగ్గరే ఉంది. ఇంజినీరు స్థాయి నుంచి వెల్డరు స్థాయి వరకు అది అంతర్జాతీయ డిప్లొమాలు రూపొందించింది. ‘అంతర్జాతీయ వెల్డరు’ డిప్లొమాలో మూల అతుకులు, పలకలు, పైపులు అని మూడు మెట్లున్నాయి. ఏ దేశానికా దేశం అధీకృత జాతీయ సంస్థ పర్యవేక్షణలో శిక్షణ, పరీక్ష జరుగుతాయి. మన దేశంలో ఆ బాధ్యత భారతీయ వెల్డింగ్ సంస్థకు అనుబంధమైన విభాగానిది. కంపెనీ పెట్టే అర్హత పరీక్షకు ఇది ప్రత్యామ్నాయం కాదు. కానీ ఆరు నెలలకోసారి చెల్లకుండా పోదు, కంపెనీ మారితే చిరగదు. వెల్డరు చదువుకు శాశ్వత గుర్తింపు అది.

అయితే ఇంజినీర్లకు ఈ వ్యవస్థ అందినంతగా కార్మికులకు అందలేదన్నది చేదు నిజం. అంతర్జాతీయ వెల్డింగ్ ఇంజినీరు కావాలంటే పట్టాతోపాటు 400 గంటలకు పైబడిన పాఠాలు వినాలి. అంత ఖర్చునూ భరించేందుకు పెద్ద కంపెనీలు ముందుకొస్తాయి. ఆ డిప్లొమా ఉన్న ఇంజినీరు వారికి టెండర్లలో అక్కరకొస్తాడు మరి. గుత్తేదారు కింద పనిచేసే వెల్డరు డిప్లొమాకు డబ్బు పెట్టడానికి ఏ గుత్తేదారుకూ అవసరం కనిపించదు. నేర్పు పెరిగితే అతడు వేరేచోటికి పోతాడన్న భయం ఒకటి. అందువల్ల ఈ ఖర్చు ప్రభుత్వ శిక్షణ సంస్థలు భరిస్తే తప్ప కదలదు. ఐటీఐలు, ప్రభుత్వ నైపుణ్య శిక్షణ పథకాలు జాతీయ ధ్రువపత్రంతో ఆగిపోకుండా అంతర్జాతీయ డిప్లొమా పరీక్షకు కూడా విద్యార్థిని కూర్చోబెట్టవచ్చు. పలకలు, పైపు ముక్కలు, రాడ్లు, గ్యాసు తగినంత సరఫరా చేయడం దానికి మొదటి షరతు. ముక్కలు లేక బల్లపై గీతలు గీసి నేర్చుకున్న విద్య సిక్స్ జీ ముందు నిలవదు.

పొగ లెక్క

సభలోని ఎనిమిదో కమిషన్ ఆరోగ్యానికి సంబంధించినది. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం వెల్డింగ్ పొగను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే కారకాల తొలి వర్గంలో చేర్చింది. వెల్డింగ్ వెలుగులోని అతినీల లోహిత కిరణాలూ అదే జాబితాలో ఉన్నాయి. అంతకుముందు కేవలం అనుమానించదగినదిగా ఉన్న పొగ ఒక్కసారిగా అక్కడికి చేరింది. పొగ పీల్చే గొట్టాలు, గాలి సరఫరా ఉన్న హెల్మెట్లు, తక్కువ పొగ వచ్చే రాడ్ల గురించి నిపుణులు చర్చిస్తూనే ఉన్నారు. మన ఊళ్లలో రోడ్డు పక్క దుకాణాల్లో నల్ల కళ్లద్దాలతో, కొన్నిచోట్ల అవీ లేకుండా, ఆర్క్ కొడుతున్న కుర్రాళ్లు రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్లు మండుతుంటే తడి గుడ్డ వేసుకొని పడుకుంటున్నారు. చిన్న దుకాణాలు కర్మాగారాల చట్టం పరిధిలోకి రావు. తనిఖీ అధికారి అటువైపు చూడడు. అంతర్జాతీయ సభ తీర్మానం ఆ దుకాణం గుమ్మం దాకా రావాలంటే మధ్యలో ఎవరో ఒకరు తేవాలి.

ఆ మధ్యవర్తి పాత్రకు విశాఖలో తగిన మనుషులున్నారు. అంతర్జాతీయ సభల్లో పత్రాలు సమర్పించి వచ్చే ఇంజినీర్లు, ఆచార్యులు తిరిగొచ్చాక తమ సంస్థల్లో ఒక ప్రసంగం చేసి ఊరుకుంటే సరిపోదు. విద్య, శిక్షణల కమిషన్‌లో భారత ప్రతినిధి లేవనెత్తదగిన ప్రశ్న ఒకటి ఉద్దానం నుంచి ఎప్పుడో సిద్ధంగా ఉంది: గల్ఫ్ నుంచి సెలవుపై వచ్చి ఇంట్లో ఉన్న వెల్డరు, ఆరు నెలలు నిండకముందే సమీపంలోని ఐటీఐకి వెళ్లి, ఒక పైపు ముక్కపై అతుకు వేసి చూపిస్తే, అక్కడి శిక్షకుని సంతకం తరువాతి కంపెనీ గేటు దగ్గర చెల్లుతుందా, చెల్లదా?